పాల్ ఎర్డోష్

పాల్ ఎర్డోష్ (మార్చి 26, 1913 - సెప్టెంబరు 20, 1996) హంగేరీ దేశానికి చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త. సంఖ్యావాదం, సంయోగ గణితం, గ్రాఫుల సిద్ధాంతం ఇతని ప్రధాన కృషి రంగాలు. సుమారు 500 మందితో కలిసి దాదాపు 1500 పరిశోధనా పత్రాలు వెలువరించాడు. తెలుగువాడైన మతుకుమల్లి వెంకట సుబ్బారావు కూడా ఆ సహరచయితలలో ఒకడు.

బాల్యము, విద్య

ఎర్డోష్ బుడాపెస్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులిద్దరూ గణిత ఉపాధ్యాయులు. ఇతడు పుట్టే సమయానికే ఇద్దరు అక్కలు స్కార్లెట్ జ్వరంతో మరణించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు బందీగా చిక్కిన తండ్రి సైబీరియాలో ఆరేళ్ళు గడిపాడు. 1934లో డాక్టరేటు పొందిన ఎర్డోష్, హంగేరీలో యూదులకు అవకాశాలు మూసుకుపోవడంతో, ఇంగ్లండులోని మాంచెస్టరుకు వెళ్ళాడు.

ఎర్డోష్-కో-రాడో సిద్ధాంతం

ఇంగ్లండులో ఇతనికి ఇద్దరు మిత్రులు లభించారు. రిచర్డ్ రాడో నాజీల పాలన వలన జర్మనీ విడిచి వచ్చిన యూదుడు. చావో కో చైనా నుండి మాంచెస్టరుకు చదువుకోవడానికి వచ్చినవాడు. ఈ ముగ్గురూ 1938లో ఒక సిద్ధాంతాన్ని నిరూపించారు. ఒక పరిమిత సమితిలో సమాన పరిమాణం గల ఉపసమితులను, ఏ రెండింటికైనా కనీసం ఒక ఉమ్మడి మూలకం ఉండేటట్లు, గరిష్ఠంగా ఎన్నింటిని ఎన్నుకోవచ్చునో ఇది తెలుపుతుంది.

ఉదాహరణకు 10 మంది విద్యార్థుల నుండి ముగ్గురేసి సభ్యులతో 120 సంఘాలు ఏర్పరచవచ్చు. ఒక విద్యార్థిని అన్ని సంఘాలలోనూ ఉంచితే, మిగిలిన 9 మంది నుండి ఇద్దరిని 36 విధాలుగా ఎన్నుకోవచ్చు. ఏ రెండు సంఘాలకైనా ఉమ్మడి సభ్యుడు ఉండాలంటే 36 కంటే ఎక్కువ సంఘాలు సాధ్యం కావు. ఉపసమితి పరిమాణం మూల సమితిలో సగానికి మించనంతవరకు ఈ సూత్రం వర్తిస్తుంది. సగం దాటితే ఏ రెండు ఉపసమితులైనా తప్పక ఛేదించుకుంటాయి కనుక సమస్యే ఉండదు.

ఇంత సరళమైన ఫలితం 23 సంవత్సరాలు అచ్చు కాలేదు. సంయోగ గణితానికి ఆనాడు ఆదరణ తక్కువ. 1938లోనే కో చైనాకు, ఎర్డోష్ అమెరికాకు వెళ్ళిపోయారు. యుద్ధకాలంలో, 1942లో, బుడాపెస్ట్‌లో తండ్రి మరణించాడు. బంధువులలో అనేకులు నాజీల చేతిలో హతులయ్యారు. తల్లి మాత్రం బ్రతికి బయటపడింది. వ్యాసం చివరకు 1961లో ఆక్స్‌ఫర్డు గణిత త్రైమాసిక పత్రికలో వెలువడింది.

1972లో హంగేరీకి చెందిన గ్యులా కటోనా, మూలకాలను వలయాకారంలో అమర్చి, దీనికి చాలా చిన్న నిరూపణ ఇచ్చాడు. ఇది ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా అర్థమవుతుంది. ఉమ్మడి మూలకాలు ఒకటి కంటే ఎక్కువ ఉండాలన్నప్పుడు సమస్య చాలా కఠినమవుతుంది. దానికి పూర్తి పరిష్కారం ఆల్స్‌వీడ్, ఖచత్రియన్‌ల వ్యాసంగా 1997లో ప్రచురితమైనది.

చివరి దశ

ఎర్డోష్ వివాహం చేసుకోలేదు, స్థిరనివాసం ఏర్పరచుకోలేదు. ఒక పెట్టెతో దేశదేశాలు తిరుగుతూ మిత్రుల ఇళ్ళలో బస చేసి, వారితోనే పరిశోధన సాగించాడు. 1996లో పోలెండు రాజధాని వార్సాలో ఒక గణిత సదస్సుకు హాజరై, అక్కడే గుండెపోటుతో మరణించాడు.