నేతగాడి కొడుకు గీసిన ఎల్లోస్టోన్

ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కు ఏది? అమెరికాలోని ఎల్లోస్టోన్. జనరల్ నాలెడ్జి పుస్తకంలో మనమంతా బట్టీ పట్టిందే. అయితే ఆ పార్కు రావడం వెనుక ఒక వలస కుటుంబం కుర్రాడి చేతిపని ఉందని అందులో రాయలేదు. ఆయన పేరు థామస్ మోరాన్.

1837లో ఇంగ్లండులోని బోల్టన్‌లో పుట్టాడు. తండ్రిది చేతిమగ్గం పని. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం కూడు పెట్టలేకపోయింది. మన నేత ఊళ్ల నుంచి భీవండి, షోలాపూర్ బస్సెక్కిన కుటుంబాలకు ఈ కథ కొత్తేమీ కాదు. మోరాన్ కుటుంబం ఓడెక్కి 1844లో అమెరికా వెళ్లింది. ఫిలడెల్ఫియా దగ్గర దిగినప్పుడు పిల్లాడికి ఏడేళ్లు.

పదహారేళ్లకు, అచ్చు కోసం చెక్క మీద బొమ్మలు చెక్కే కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాడు. చెక్కడం కంటే గీయడం మీదే మనసు. గడువు తీరకముందే మానేశాడు. ఆర్ట్ కాలేజీ గడప తొక్కలేదు. చిత్రకారుడైన అన్న ఎడ్వర్డ్ తోడుగా, పెద్దల బొమ్మలు చూసి చూసి నేర్చుకున్నాడు.

అప్పు చేసి ప్రయాణం

1871లో స్క్రిబ్నర్స్ పత్రిక ఎల్లోస్టోన్ మీద ఒక వ్యాసం వేసింది. దానికి బొమ్మలు గీసే పని మోరాన్‌కు వచ్చింది. చూడని చోటుకు బొమ్మలు! ఎవరో గీసిన వంకర గీతలు చూసి ఎలాగో పూర్తి చేశాడు. కానీ మనసు ఊరుకోలేదు. పత్రిక దగ్గర 500 డాలర్లు, రైల్వే వ్యాపారి జే కుక్ దగ్గర మరో 500 డాలర్లు అప్పు తీసుకుని, హేడెన్ సర్వే బృందంతో బయల్దేరాడు. అప్పటిదాకా గుర్రమెక్కిన మనిషి కాదు. బక్కపలచటి ఒళ్లు. జీను మీద దిండు వేసుకుని కూర్చున్నాడట.

ఆ బృందంలో విలియం హెన్రీ జాక్సన్ అనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. ఆయన ఫొటోల్లో ఆకారం ఉంది గానీ రంగు లేదు. రంగు మోరాన్ నీటిరంగుల్లో వచ్చింది. వేడినీటి బుగ్గలు, పసుప్పచ్చటి లోయ గోడలు కాంగ్రెస్ సభ్యుల కళ్లముందుకు వచ్చాయి. 1872 మార్చి 1న చట్టమైంది. ఏడడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న ఆయన పెద్ద చిత్రం చూసే పార్కు ఇచ్చారని కొందరంటారు. అది సరికాదు. ఆ చిత్రం చట్టం తర్వాతే పూర్తయింది. మన క్యాంపు గదిలో ఒక గోడంత ఉండే ఆ బొమ్మను కాంగ్రెస్ పదివేల డాలర్లకు కొన్నది.

ఇంకో సంగతీ చెప్పుకోవాలి. అది ఖాళీ నేల కాదు. షోషోనీ తెగవాళ్లు వేటాడుకుంటూ బతికిన చోటు. తర్వాత వాళ్లను రిజర్వేషన్లకు పంపించేశారు. పెద్ద చిత్రంలో ఒక ఇండియన్ చీమంత నిలబడి ఉంటాడు. బొమ్మలో దొరికిన ఆ కాస్త చోటూ నేల మీద దొరకలేదు.

చివరిదాకా కొండల్లోనే

1873లో పావెల్‌తో గ్రాండ్ కాన్యన్ వెళ్లాడు. ఆ బొమ్మనూ కాంగ్రెస్ పదివేలకే కొన్నది. భార్య మేరీ కూడా వలస వచ్చినామే, పుట్టింది స్కాట్లండులో. రాగిరేకు మీద బొమ్మలు గీసి అచ్చు తీయడంలో మంచి పేరు. టైఫాయిడ్ వచ్చిన కూతురికి సేవ చేస్తూ, అదే జ్వరంతో 1899లో పోయింది. ఆ తర్వాతా మోరాన్ కొండలకు వెళ్లడం మానలేదు. 1926లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో కన్నుమూశాడు.

మోరాన్ అప్పు చేసి వెళ్లాడు. తర్వాతి కాలంలో పార్కులే కళాకారులను పిలిచి చోటిచ్చాయి. రాకీ మౌంటెన్ పార్కు 1984లో ఈ పని మొదలుపెట్టింది. ఎంపికైనవాళ్లు కొండల్లో పాత చెక్క ఇంట్లో రెండేసి వారాలు ఉండి, బొమ్మలో, రాతలో, పాటలో చేసుకునేవారు.

మనం కట్టిన టవర్ల మీద మన పేర్లుండవు. అక్కడ మాత్రం మౌంట్ మోరాన్ అని ఒక శిఖరమే ఉంది. ఆయన కూడా ఒక పని చేశాడు. ఎల్లోస్టోన్ నుంచి వచ్చాక సంతకంలో టి, ఎం అక్షరాల మధ్య వై చేర్చాడు. పనిచేసిన చోటునే ఇంటిపేరు పక్కన పెట్టుకున్నాడు.