రాజా దీనదయాళు

నేటి దినములలో పులి ఛాయాచిత్రమును చూడని విద్యార్థి యుండడు. గడ్డిలో నడచుచున్న పులి, వాగులో నీరు త్రాగుచున్న పులి, పిల్లలను వెంటబెట్టుకొని పోవుచున్న పులి - ఇట్టి చిత్రములు పుస్తకములందును, గోడల మీదను కనబడుచునే యుండును. కాని 120 సంవత్సరములకు పూర్వము మన దేశమున పులిచిత్రమన్నచో దాదాపుగా చచ్చిన పులి చిత్రమే. నేలపై సాగదీసి పరుండబెట్టిన మృగము, దాని చెంత తుపాకితో నిలిచిన దొర! అట్టి వేటచిత్రములను తీసినవారిలో ఒకడు, ఆ కాలపు భారతీయ ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడు, రాజా దీనదయాళు. ఆయన కీర్తి దేశమంతట వ్యాపించుటకు హైదరాబాదు రాజ్యమే ముఖ్యస్థానమయ్యెను.

దీనదయాళు 1844వ సంవత్సరమున మీరట్టునకు సమీపముననున్న సర్ధానా యను పట్టణమున ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్య నభ్యసించి, 1866లో ఇందూరు నగరమున ప్రజాపనుల శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. కట్టడముల కగు వ్యయమును అంచనా వేయుట, వాని పటములను గీయుట ఆయన పని. గీతకును కొలతకును అలవాటుపడిన ఆ కన్నే తరువాత ఆయనకు పెట్టుబడి యయ్యెను.

ముప్పదవ యేట, అనగా 1874 ప్రాంతమున, ఆయన మనస్సు ఛాయాగ్రహణము మీదికి పోయెను. ఇందూరు మహారాజగు తుకోజీరావు హోల్కరును, మధ్యభారతమున గవర్నరు జనరలునకు ప్రతినిధిగా నుండిన హెన్రీ డేలీయు ఆయనను ఆదరించిరి. 1875-76లో వేల్సు యువరాజు మన దేశమును సందర్శించినపుడు ఆ యాత్రను చిత్రించు అవకాశము లభించెను. 1882లో లెపెల్ గ్రిఫిన్ అను అధికారి వెంట బుందేల్‌ఖండమున పర్యటించి, అచ్చటి ప్రాచీన కట్టడములను చిత్రించెను. ఆ చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడెను. 1885లో ఆయన వైస్రాయికి ఛాయాగ్రాహకుడుగా నియమింపబడెను. ఇక అంచనాలు వేయు ఉద్యోగముతో ఆయనకు పనిలేకపోయెను.

ఆ కాలమున ఛాయాచిత్రము తీయుట యనగా నేటివలె మీట నొక్కుట కాదు. ఆయన ఈ విద్యను చేపట్టిన నాటికి తడిపలక పద్ధతి వాడుకలో నుండెను. గాజుపలకపై జిగటగల మందును సమముగా పోసి, వెండి లవణపు ద్రావకమున ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో నుంచి చిత్రము తీయవలెను; తడి ఆరకముందే చీకటిలో కడుగవలెను. ఇదంతయు పది పదునైదు నిమిషములలో ముగియవలెను. కావున ఛాయాగ్రాహకుడు ఎచ్చటికి పోయినను కెమెరాతోపాటు ముక్కాలిపీట, గాజుపలకల పెట్టెలు, మందుసీసాలు, చీకటి గుడారము వెంట రావలసినదే. బండ్లును, కూలీలును లేనిదే ప్రయాణము సాగదు. 1880 ప్రాంతమున పొడిపలకలు ప్రచారములోనికి వచ్చి ఈ శ్రమ కొంత తగ్గెను. గాజు బరువు మాత్రము తగ్గలేదు.

హైదరాబాదును ఏలుచుండిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దీనదయాళును తన ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా నియమించుకొనెను. సికింద్రాబాదున ఆయన చిత్రశాల నెలకొనెను. పరదా చాటుననుండు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండి చిత్రము తీయించుకొనుట ఆనాడు పొసగని పని. వారికొరకు ఆయన 1892లో ఒక ప్రత్యేక శాలను తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత యజమాన్యమున నడపించెను. ఇది ఆయన లోకజ్ఞతకు నిదర్శనము. 1894లో నిజాము ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1897లో విక్టోరియా రాణి ఆయనను తన ఛాయాగ్రాహకుడుగా గుర్తించెను. ఆయన రాజభవనములనే గాక, క్షామకాలమున నిజాము రాజ్యములో జరిగిన సహాయపు పనులను గూడ చిత్రించెను.

మహబూబ్ అలీఖాన్‌కు వేటయన్న మక్కువ మెండు. ఆయన ముప్పదికి పైగా పులులను చంపెనని ప్రతీతి. దొరలు అతిథులుగా వచ్చినపుడు వారికి వేట యేర్పాటు చేయుట సంస్థానాధీశుల మర్యాదలలో నొకటి. అడవిలో పులి తిరుగు తావును ముందుగా కనిపెట్టి, దున్నదూడను ఎరగా కట్టుదురు. పులి ఎర నందుకొన్నదని తెలిసిన పిమ్మట, గ్రామముల నుండి పిలిపించిన జనులు అర్ధచంద్రాకారముగా నిలిచి, తప్పెటలు మ్రోగించుచు, కేకలు వేయుచు దానిని మంచె వైపునకు తోలుదురు. మంచెపైనున్న అతిథికి మిగిలిన పని తుపాకి పేల్చుటయే. ప్రాణాపాయము తప్పెటలవారిది, పేరు మంచెపైవానిది!

1902 ఏప్రిల్ నెలలో వైస్రాయి కర్జను ప్రభువు నిజాము రాజ్యమునకు వచ్చి వరంగల్లు ప్రాంతమున నెక్కొండ వద్ద వేటాడెను. ఆ సందర్భమున దీనదయాళు తీసిన చిత్రములో కర్జను ప్రభువును, ఆయన భార్యయు చచ్చిన పులి చెంత కనబడుదురు. ఆ చిత్రము దేశదేశములలో ప్రసిద్ధి కెక్కెను. జైనులకు అహింస పరమధర్మము. జైనుడైన దీనదయాళు వేటచిత్రములు తీయుట వింతగా తోచవచ్చును. కాని ఆయన వేటగాడు కాడు, కొలువులో నున్నవాడు. ప్రభువు చూపినదానిని చక్కగా చూపుట ఆయన వృత్తి. ఆ వృత్తిధర్మమును ఆయన ఏ కొరతయు లేకుండ నెరవేర్చెను.

మరి బ్రతికియున్న పులి నేల చిత్రింపలేదు? పులి సాధారణముగా సంధ్యవేళలను, రాత్రులను సంచరించును. పగలు పొదల నీడలలో పడియుండును. ఆనాటి పలకలకు కావలసిన వెలుతురు అచ్చట లేదు. ఆనాటి కెమెరాలతో అడవిమృగమును దూరమునుండి పెద్దదిగా పట్టుట మిక్కిలి కష్టము. పులి చిత్రమున నిండుగా కనబడవలెనన్న దానికి కొలది అడుగుల దూరమున నిలువవలెను. ముక్కాలిపీటను సరిచేసి, నల్లగుడ్డలో తలదూర్చి, పలకను అమర్చువరకు పులి ఓర్పుతో నిలుచునా? చచ్చిన పులి కదలదు. అందుచేతనే ఆ యుగపు పులిచిత్రములన్నియు ఒకే తీరున నుండును.

1905లో దీనదయాళు బొంబాయిలో కాలధర్మము నొందెను. మరుసటి సంవత్సరముననే అమెరికాలో జార్జి షిరాస్ అనునాతడు రాత్రులందు వెలుగుపొడిని మండించి తీసిన అడవిమృగముల చిత్రములు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ప్రకటింపబడెను. మన దేశమున ఆ పనిని పులుల విషయమున సాధించినవాడు, నాటి సంయుక్త రాష్ట్రముల అడవులలో అధికారిగా నుండిన ఫ్రెడరిక్ ఛాంపియన్. ఆయన తుపాకి వేటను రోసి, పులులు నడచు బాటలలో సన్నని తీగను కట్టి, దానికి కెమెరాను, వెలుగుపొడిని తగిలించెను. పులి పాదము తీగను తాకగనే మెరుపు మెరసి దాని చిత్రము పలకపై పడెడిది. తన చిత్రమును తానే తీసికొను పులి! ఆ చిత్రములు 1925లో లండను పత్రికలో అచ్చుపడి లోకమును ఆశ్చర్యపరచెను. ఏ రెండు పులుల చారలును ఒక తీరున నుండవనియు, చారలనుబట్టి ఒక్కొక్క పులిని గుర్తింపవచ్చుననియు ఆయన గ్రహించెను.

ఈలోపల పులులు తరిగిపోవుచుండెను. వేటయు, అడవుల నరకుటయు దీనికి కారణములు. 1972లో లెక్కింపగా దేశమున 1,827 పులులు మాత్రమే తేలెను. ఆ సంవత్సరముననే వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చెను. 1973లో పులుల రక్షణకొరకు ప్రత్యేక పథకము ప్రారంభమయ్యెను. 1983లో నాగార్జునసాగరము, శ్రీశైలముల నడుమనున్న నల్లమల అడవులు ఈ పథకమున చేర్పబడెను. రాష్ట్ర విభజనానంతరము అందులో తెలంగాణపు భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యముగా పిలువబడుచున్నది. అచ్చట నేడు చెట్లకు కట్టిన కెమెరాలు, పులి యెదుటికి రాగానే తమంతట తామే చిత్రము తీయును. ఆ చారలను పోల్చి అధికారులు పులులను లెక్కింతురు. ఉప్పలు, మేడిపల్లి ప్రాంతముల విద్యార్థులు అంతదూరము పోనక్కరలేదు. వనస్థలిపురము చెంతనున్న మహావీర హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటభూమి. మహావీరుని నిర్వాణమునకు 2500 ఏండ్లు నిండిన సందర్భమున 1975లో ఆ పేరు పొంది, కృష్ణజింకలకు ఆశ్రయమైనది.

దీనదయాళు గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సంపాదించి భద్రపరచెను. 2006లో ఆయన పేర తపాలాబిళ్ళ వెలువడెను. చెట్లకు కట్టిన కెమెరా ఒక్కొక్క పులిని చారలనుబట్టి గుర్తించునట్లే, నెక్కొండ చిత్రములోని పులినిగూడ దాని చారలనుబట్టి వేరొక పులినుండి వేరుచేయవచ్చును. ఆ పులి జాడగా ఆ చిత్రము మిగిలినది.