గగనవీరుడు ఇంద్రలాల్ రాయ్

ఆకాశంలో దూసుకుపోయే యుద్ధ విమానాన్ని చూసేవారికి దాని వేగమే కనిపిస్తుంది గాని, దానిని నడిపేవాని దీక్ష కనిపించదు. వీరుని విజయాలు కొద్ది దినాలవే కావచ్చు. వాటి వెనుక ఉన్న నిరాశలు, నిరీక్షణ, నిత్యసాధన మాత్రం ఎంతో దీర్ఘమైనవి. ఈ సత్యానికి ఇంద్రలాల్ రాయ్ జీవితమే నిదర్శనం.

ఇంద్రలాల్ 1898 డిసెంబరు 2న కలకత్తాలో జన్మించాడు. తండ్రి పియరీలాల్ రాయ్ న్యాయవాది, తల్లి లలిత. బాల్యంలోనే ఇంగ్లండు చేరి, లండన్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలో విద్యనభ్యసించాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు అతడింకా విద్యార్థియే. విమానాలు యుద్ధరంగంలో అప్పుడప్పుడే అడుగుపెడుతున్న కాలమది. వైమానికుడు కావాలనే కోరిక అతని మనస్సులో బలంగా నాటుకొన్నది.

అయితే మొదటి ప్రయత్నంలోనే ఆటంకం ఎదురైంది. దృష్టిలోపం ఉన్నదని అధికారులు అతనిని తిరస్కరించారు. ఇంద్రలాల్ కుంగిపోలేదు. తన మోటారు సైకిలును అమ్మి, ఆ ధనంతో పేరుపొందిన నేత్ర వైద్యుని చేత మరల పరీక్ష చేయించుకొన్నాడు. ఫలితం అనుకూలంగా రావడంతో 1917 ఏప్రిల్‌లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. శిక్షణ పూర్తిచేసి, అక్టోబరులో ఫ్రాన్సులోని 56వ స్క్వాడ్రన్‌కు చేరుకొన్నాడు.

అక్కడికి వెళ్లిన కొద్ది రోజులకే, నవంబరు 6న, అతని విమానం కూలిపోయింది. స్పృహ కోల్పోయిన అతనిని మృతుడని భావించి శవాల నడుమ ఉంచారని చెబుతారు. ప్రాణం దక్కింది గాని, విమానం నడపడానికి అనర్హుడని వైద్యులు తేల్చారు. కోలుకొంటున్న ఆ నెలలలో అతడు కాగితాలపై విమానాల చిత్రాలు గీస్తూ గడిపాడు. చేతికి అందని విమానం మనస్సులో మాత్రం ఎగురుతూనే ఉన్నది. పట్టు విడువక పై అధికారులను ఒప్పించి, 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌లో స్థానం సంపాదించాడు.

ఆనాటి యుద్ధ వైమానికుని దినచర్య కఠినమైనది. తెల్లవారకముందే నిద్రలేచి గస్తీకి బయలుదేరవలసి ఉండేది. ఇంద్రలాల్ నడిపిన ఎస్.ఇ.5ఎ విమానంలో ఒక్కరికే చోటు. పైకప్పు లేని ఆ ఆసనంలో తోలు కోటు, కంటి అద్దాలు ధరించి, వేల అడుగుల ఎత్తున ఎముకలు కొరికే చలిని భరించాలి. తోటివారితో మాట్లాడటానికి రేడియో లేదు. రెక్కలు ఊపి సంకేతాలు చేయవలసిందే. పై రెక్కపై అమర్చిన మరతుపాకిలో తూటాలు అయిపోతే, ఎదురుగాలిలో చేయి చాచి కొత్త తూటాల పెట్టెను బిగించాలి. విమానం మంటలలో చిక్కుకొంటే దూకడానికి బ్రిటిష్ వైమానికులకు పారాచూట్ సైతం ఉండేది కాదు. గస్తీ ముగిసి వచ్చాక భోజనశాలలో ఖాళీగా మిగిలిన కుర్చీలు తిరిగిరాని మిత్రులను గుర్తుచేసేవి. మరునాటి ఉదయం మళ్లీ అదే ప్రయాణం.

ఇటువంటి జీవితంలో, కెప్టెన్ జార్జ్ మెకెల్‌రాయ్ నాయకత్వంలో ఇంద్రలాల్ ప్రతిభ వికసించింది. 1918 జూలై 6 నుండి 19 వరకు, కేవలం పద్నాలుగు దినాలలో, పది విజయాలు సాధించాడు. వీటిలో కొన్ని సహచరులతో కలిసి పొందినవి. జూలై 8న నాలుగు గంటల వ్యవధిలోనే మూడు విజయాలు లభించాయి.

జూలై 22న కార్విన్ పట్టణంపై జర్మన్ విమానాలతో జరిగిన పోరాటంలో అతని విమానం మంటలలో కూలిపోయింది. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు. మరో నాలుగు నెలలలోపే యుద్ధం ముగిసింది. ఫ్రాన్సులోని ఎస్తెవెల్ గ్రామ శ్మశానంలో అతని సమాధి ఉన్నది. 1918 సెప్టెంబరులో, మరణానంతరం, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటించారు. ఆ పతకాన్ని పొందిన తొలి భారతీయుడు ఇంద్రలాలే. 1998లో భారత ప్రభుత్వం అతని స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.

అతడు పోరాడినది పరాయి పాలకుల సైన్యంలో. కన్నుమూసినది పరాయి గడ్డపై. స్వతంత్ర భారతాన్ని చూసే భాగ్యం అతనికి కలుగలేదు. యుద్ధం ఎంతటి యౌవనాన్ని బలిగొంటుందో కూడా ఈ చరిత్ర తెలుపుతుంది. అయినా, పద్నాలుగు దినాల ఆ కీర్తికన్నా, తిరస్కారాన్నీ ప్రమాదాన్నీ దాటి తిరిగి లేచిన అతని పట్టుదలే ఇంచుమించు అదే వయస్సులో ఉన్న విద్యార్థులకు ఆదర్శప్రాయం.