శ్రీ అయ్యదేవర కాళేశ్వరరావు గారు: పురపాలనము, శాసననిర్మాణము

కృష్ణామండలపు మెట్టసీమ ఆంధ్రదేశమునకు గొప్ప విద్వాంసులను ప్రసాదించినది. జగ్గయ్యపేటకు అనతిదూరమున గల పెనుగంచిప్రోలున 1877 సంవత్సరమున కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు జన్మించిరి. కొన్ని యేండ్లకు నందిగామలో అయ్యదేవర కాళేశ్వరరావు గారు జన్మించిరి. 1906 సంవత్సరమున వెలసిన విజ్ఞాన చంద్రికా మండలికి వీరిరువురును తోడ్పడిరి.

కాళేశ్వరరావు గారు బందరు నోబిలు కళాశాలలో చదివి, రఘుపతి వెంకటరత్నము నాయుడు గారి బోధనలచే సంఘసంస్కారాభిమానులైరి. బెజవాడలో న్యాయవాదులై, స్వాతంత్ర్యోద్యమమున చేరి కారాగారవాస మనుభవించిరి. ఫ్రెంచి విప్లవము, చీనా జాతీయోద్యమము మున్నగువాని చరిత్రలను తెలుగున రచించిరి. బెజవాడ పురపాలక సంఘమునకు అధ్యక్షులై పట్టణాభివృద్ధికి పాటుపడిరి. నేటికిని ఆ నగరమున ఒక విపణి వారి పేరనే ప్రసిద్ధమై యున్నది.

పురపాలక సంఘమనిన వీధిదీపములు, మురుగుకాలువలు, కొళాయిలు మాత్రమే యని పలువురు భావింతురు. కాని 1888లో ఏర్పడిన బెజవాడ పురపాలక సంఘము విధింపగల పన్నులు, చేయదగిన వ్యయము, సభ్యుల యెన్నిక, ఇవన్నియు మద్రాసులో చేయబడు చట్టములపైననే ఆధారపడి యుండెను. కావున బిల్లు గెజెటులో ప్రకటితమైనంతనే దానిని పరిశీలించుట సంఘము యొక్క విధి. క్రొత్త పని నప్పగించుచున్నారా? అందులకు ధనమెచ్చటినుండి వచ్చును? పేదవాని యింటిపై పన్ను పెరుగునా? ఎన్నికైన వారి యధికారము హెచ్చునా, తగ్గునా? ఈ ప్రశ్నలను విచారించి, బిల్లు సెలెక్టు కమిటీలో నున్నపుడే తీర్మానమును పంపవలెను. చట్టమైన పిమ్మట చేయు మొర అరణ్యరోదనమే.

ఈ జాగరూకత యెంత యవసరమో చీరాల పేరాల ఉదంతము తెలుపుచున్నది. ప్రజల సమ్మతి లేకయే ఆ గ్రామములను పురపాలక సంఘముగా మార్చినందున పన్ను సుమారు 4,000 రూపాయలనుండి 40,000 రూపాయలకు పెరిగెనని చెప్పుదురు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొనిరి.

1920 నాటి జిల్లా పురపాలక చట్టమునకు పిమ్మట సవరణలు వచ్చినవి. 1930 సవరణ నియామకపు సభ్యత్వమును తొలగించి ప్రజల హక్కును పెంచెను. 1933 సవరణ ప్రభుత్వము నియమించు కమీషనరులకు తావిచ్చి, అధ్యక్షుని చేతిలోని కార్యనిర్వహణమును తగ్గించెను. ఒక చేత నిచ్చి వేరొక చేత గైకొనుట యన నిదియే. అందుచే సంఘము బిల్లును పూర్తిగా సమ్మతించుటయో, పూర్తిగా నిరాకరించుటయో గాక, సెక్షను వెంట సెక్షను తూచి మేలును స్వీకరించి కీడును ఖండింపవలెను.

కాళేశ్వరరావు గారు పట్టణపు కష్టసుఖముల నెఱిగి 1937, 1946, 1955 సంవత్సరములలో శాసనసభకు ఎన్నికైరి. విశాలాంధ్రకై శ్రమించి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా శాసనసభకు ప్రథమ సభాపతులైరి. 1962 ఫిబ్రవరి 26వ తేదీన పరమపదించువరకు ఆ పీఠము నలంకరించిరి. పురపాలకులుగా చట్టము నమలుజరిపిన వారే, సభాపతులై చట్టములు చేయు సభను నడిపిరి. ఈ రెంటి మర్మమును ఒక్క జీవితమున నెఱిగిన వారు అరుదు.

నేడు నందిగామకును జగ్గయ్యపేటకును పురపాలక సంస్థలు కలవు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చినది. అయినను వాని యధికారములను నిర్ణయించునది నేటికిని రాష్ట్ర శాసనసభయే. తమ యూరివాడైన ఈ మహనీయుని స్మరించుటకు విగ్రహమును మించిన మార్గ మొకటి కలదు. తమ పట్టణమునకు సంబంధించిన ప్రతి బిల్లును సభలో చదివి, చర్చించి, సకాలమున అభిప్రాయము తెలుపుటయే ఆ మార్గము.