విలియం పామర్

విలియం పామర్ (1780 - నవంబరు 20, 1867) హైదరాబాదు రాజ్యంలో మొదట సైనికాధికారిగా, తరువాత వ్యాపారిగా, వడ్డీ వ్యాపార సంస్థాధిపతిగా ప్రసిద్ధుడు. ఇతడు 1814లో స్థాపించిన విలియం పామర్ అండ్ కంపెనీ, మూడవ నిజాం సికందర్ జా ప్రభుత్వానికి అధిక వడ్డీలకు అప్పులిచ్చి, పదేళ్ళు తిరగకుండానే దివాలా తీసింది. భారతదేశంలో తొలినాటి పెద్ద ఆర్థిక కుంభకోణాలలో దీనిని ఒకటిగా చరిత్రకారులు పేర్కొంటారు. ఉత్తర సర్కారులపై నిజాముకు ఏటా రావలసిన పేష్కష్ శాశ్వతంగా రద్దు కావడానికి కూడా ఈ కంపెనీ అప్పులే కారణమయ్యాయి.

బాల్యం, కుటుంబం

పామర్ తండ్రి జనరల్ విలియం పామర్ ఈస్టిండియా కంపెనీలో ఉన్నతాధికారి. వారన్ హేస్టింగ్సుకు కార్యదర్శిగాను, సింధియా, పీష్వా దర్బారులలో రెసిడెంటుగాను పనిచేశాడు. తల్లి బేగం ఫైజ్ బక్ష్, లక్నోలో పెరిగిన ముస్లిం మహిళ. విలియం చదువు ఇంగ్లండులో సాగింది. అయితే భారతీయ స్త్రీలకు జన్మించిన కొడుకులను తమ సివిల్, సైనిక ఉద్యోగాలలో చేర్చుకోరాదని 1791లో ఈస్టిండియా కంపెనీ నిషేధం విధించింది. అందువలన తండ్రి కొలిచిన కంపెనీ కొలువులో కొడుకుకు చోటు లేకపోయింది. స్వదేశీ సంస్థానాల సైన్యాలలో చేరడమే అటువంటి యువకులకు మిగిలిన దారి. ఇతడు 1799లో నిజాం సైన్యంలో చేరి, పన్నెండేళ్ళకు పైగా పనిచేసి, పర్షియన్, హిందుస్తానీ భాషలలోను దర్బారు మర్యాదలలోను మంచి ప్రావీణ్యం సంపాదించాడు.

కంపెనీ స్థాపన

సైన్యాన్ని విడిచిన పామర్ రెసిడెన్సీకి సమీపంలో నివసిస్తూ వ్యాపారం ఆరంభించాడు. గోదావరి తీరపు అడవులలోని కలపను నదీమార్గాన సముద్రతీరానికి చేర్చి ఓడల నిర్మాణానికి అమ్మాలన్నది తొలినాటి ఆలోచనలలో ఒకటి. నేటి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల మధ్యగా పారే గోదావరిపై వర్తకుల దృష్టి పడడం అదే మొదలు కాదు గాని, ఈ కలప వ్యాపారం కంటే వడ్డీ వ్యాపారమే త్వరలో ప్రధానమైంది. తమ్ముడు హేస్టింగ్స్ పామర్, గుజరాతీ సాహుకారు బంకటీదాసు భాగస్వాములయ్యారు. రెసిడెన్సీ వైద్యుడు, అక్కడి సహాయక అధికారి ఒకరు కూడా వాటాదారులుగా చేరారు. కలకత్తాలో వర్తక ప్రభువుగా పేరుపొందిన జాన్ పామర్ ఇతనికి సవతి అన్న. అందువలన కలకత్తా మార్కెట్టులో కూడా కంపెనీకి పరపతి ఏర్పడింది. ఐరోపా అధికారులు, స్థానికులు తమ సొమ్మును ఈ సంస్థలో దాచుకున్నారు.

1815లో సర్ విలియం రంబోల్డ్ చేరికతో సంస్థ స్థితి మారిపోయింది. ఇతడు పూర్వం మద్రాసు గవర్నరుగా పనిచేసి అవినీతి ఆరోపణలపై విచారణ నెదుర్కొన్న సర్ థామస్ రంబోల్డుకు మనుమడు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇతని భార్య అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ పెంపకంలో పెరిగిన యువతి. (ఈ హేస్టింగ్స్, వారన్ హేస్టింగ్స్ వేరు వేరు వ్యక్తులు.)

లైసెన్సు

బ్రిటిషు ప్రజలు భారతీయ రాజులకు గవర్నర్ జనరల్ అనుమతి లేనిదే అప్పులివ్వరాదని 1797 నాటి పార్లమెంటు చట్టం నిషేధించింది. కర్ణాటక నవాబు అప్పుల వ్యవహారంలో జరిగిన దోపిడీని చూసిన తరువాత చేసిన చట్టమిది. నూటికి 12కు మించి వడ్డీ తీసుకోరాదని 1773 చట్టంలోనే ఉన్నది గాని, కంపెనీ ఏలుబడికి వెలుపల ఉన్న స్వదేశీ రాజ్యాలకు అది వర్తిస్తుందా లేదా అన్నది వివాదంగా ఉండేది.

1816 జూలైలో గవర్నర్ జనరల్ కౌన్సిలు పామర్ కంపెనీకి 1797 చట్టం నుండి మినహాయింపునిస్తూ లైసెన్సు మంజూరు చేసింది. వడ్డీ రేటుపై పరిమితి లేదు, అప్పు మొత్తంపై పరిమితి లేదు. ఉన్నది ఒకే ఒక్క షరతు: కంపెనీ లావాదేవీల స్వభావాన్ని హైదరాబాదు రెసిడెంటు ఎప్పుడు కావాలంటే అప్పుడు పరిశీలించవచ్చును. ఆనాటి రెసిడెంటు హెన్రీ రస్సెల్, పామర్ కుటుంబానికి చిరకాల మిత్రుడు. ఇతనికి కంపెనీలో రహస్యంగా వాటా ఉన్నదన్న ఆరోపణ తరువాతి కాలంలో వచ్చింది. 1820 వరకు పదవిలో ఉన్న రస్సెల్ ఆ షరతును వినియోగించి లెక్కలను నిగ్గుతేల్చినది లేదు. పర్యవేక్షించవలసిన కార్యాలయంలోని ఉద్యోగులే కంపెనీలో వాటాదారులై ఉండగా ఆ షరతు కాగితంపైనే మిగిలిపోవడంలో ఆశ్చర్యం లేదు.

నిజాం ప్రభుత్వానికి అప్పులు

నిజాం ప్రభుత్వంలో అధికారమంతా పేష్కారు రాజా చందూలాల్ చేతిలో ఉండేది. బ్రిటిషు అధికారుల అజమాయిషీలో ఉన్న రస్సెల్ బ్రిగేడుకు, ఔరంగాబాదు, బీరారు ప్రాంతాల సైన్యాలకు నెలనెలా జీతాలు తప్పక చెల్లించవలసి వచ్చేది. ఖజానాలో సొమ్ము లేనప్పుడు పామర్ కంపెనీ జీతాలు చెల్లించేది, బదులుగా ప్రభుత్వం కొన్ని ప్రాంతాల శిస్తును కంపెనీకి రాసిచ్చేది. వడ్డీ నూటికి 24, 25 రూపాయల వరకు ఉండేది. 25 చొప్పున వడ్డీని అసలులో కలుపుతూ పోతే బాకీ మూడేళ్ళ పైచిలుకులో రెట్టింపవుతుంది. అప్పటి హైదరాబాదు సాహుకారులు కూడా ఇంచుమించు ఇదే వడ్డీ తీసుకునేవారన్నది పామర్ పక్షం వారి వాదన. అయితే ఇతర సాహుకారుల వెనుక గవర్నర్ జనరల్ లైసెన్సు గాని, రెసిడెన్సీ పలుకుబడి గాని లేవు.

ఈ అప్పుల భారం చివరకు రైతుల మీద పడింది. చందూలాల్ తాలూకాలను ఎక్కువ సొమ్ము ఇస్తామన్నవారికి గుత్తకిచ్చేవాడు. ఇంకొకడు ఎక్కువ పాడితే నడుమనే గుత్తదారుని మార్చేవాడు. రేపు తన చేతిలో ఉంటుందో ఉండదో తెలియని తాలూకాను గుత్తదారుడు ఆ ఒక్క పంటకాలంలోనే పిండుకునేవాడు. సుల్తానాబాద్ పరిసరాలతో కూడిన ఎలగందల సీమ మొదలుకొని రాజ్యమంతటా చెరువుల మరమ్మతు మూలబడింది. అనేక గ్రామాల నుండి రైతులు వలసపోయారు.

అరవై లక్షల అప్పు

1820లో నిజాం ప్రభుత్వానికి 60 లక్షల రూపాయల కొత్త అప్పు ఇవ్వడానికి కంపెనీ అనుమతి కోరింది. సైన్యం బకాయిలు తీర్చడానికి, రైతులకు తక్కావి ఇవ్వడానికి, పాలనను సంస్కరించడానికి ఈ సొమ్మని చెప్పారు. కలకత్తా కౌన్సిలులో అభిప్రాయాలు చెరిసగమై చీలిపోగా లార్డ్ హేస్టింగ్స్ తన నిర్ణాయక ఓటుతో దానిని ఆమోదింపజేశాడు.

అదే సంవత్సరం చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ లెక్కలు అడిగాడు. ఇతడు మొదట పామర్లకు వ్యతిరేకి కాడు. కలకత్తాలోని జాన్ పామర్ ఇతనికి స్నేహితుడు కూడా. పరిశీలనలో తేలినదేమంటే, 60 లక్షలలో అధిక భాగం కొత్త సొమ్ము కాదు. పాత బాకీనే కొత్త ఖాతాలోనికి మార్చి రాశారు. అందులో 8 లక్షలు కంపెనీ వారు తమకు బోనసుగా జమ చేసుకున్నారు. రైతులకు చేరవలసిన సొమ్ము పుస్తకాలలో ఒక పద్దు నుండి మరొక పద్దుకు మాత్రమే ప్రయాణించింది.

కలకత్తాలో 6 శాతం వడ్డీకి బ్రిటిషు ప్రభుత్వ హామీపై రుణం ఎత్తి పామర్ బాకీని తీర్చివేయాలని మెట్కాఫ్ ప్రతిపాదించాడు. లార్డ్ హేస్టింగ్స్ అంగీకరించలేదు సరికదా, మెట్కాఫ్ పైననే ఆగ్రహించాడు. కొంతకాలం మెట్కాఫ్ ఉద్యోగమే సందిగ్ధంలో పడింది. లండనులోని డైరెక్టర్లు మాత్రం లైసెన్సును తప్పుపట్టి రద్దు చేయవలసినదిగా ఉత్తరువులు పంపారు.

పేష్కష్ రద్దు, దివాలా

1823 జనవరిలో లార్డ్ హేస్టింగ్స్ పదవి విడిచి వెళ్ళాడు. నిజాం బాకీ తీర్చడానికి బ్రిటిషు ప్రభుత్వం ఆ యేడు ఒక ఏర్పాటు చేసింది. ఉత్తర సర్కారులను పొందినందుకు తాము నిజాముకు ఏటా చెల్లిస్తున్న 7 లక్షల పేష్కష్‌ను, 6 శాతం చొప్పున లెక్కగట్టి 1,16,66,666 రూపాయలకు ఒకేసారి కొనివేసింది. ఆ సొమ్ము నుండి పామర్ బాకీ తీర్చారు. దానితో కోస్తా జిల్లాలపై నిజాముకు మిగిలిన చివరి ఆర్థిక హక్కు తొలగిపోయింది. కొద్దిమంది భాగస్వాముల వడ్డీ లెక్కలకు ఒక రాజ్యం చెల్లించిన మూల్యమిది.

నిజాం ప్రభుత్వంతో ఇకపై ఏ లావాదేవీలు జరపరాదన్న నిషేధంతో కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. 1824లో దివాలా తీసింది. సొమ్ము దాచుకున్నవారు నష్టపోయారు. 1825లో లండనులోని ఈస్టిండియా హౌసులో ఈ వ్యవహారంపై సుదీర్ఘమైన చర్చలు జరిగాయి. డైరెక్టర్ల చర్యలను వాటాదారుల సభ సమర్థించింది, లార్డ్ హేస్టింగ్సుకు వ్యక్తిగతంగా అవినీతి ఉద్దేశం లేదని కూడా ప్రకటించింది. ఎవరికీ శిక్ష పడలేదు. రంబోల్డ్ బాకీల కోసం ప్రయత్నిస్తూనే 1833లో మరణించాడు. కలకత్తాలోని జాన్ పామర్ సంస్థ 1830 జనవరిలో కూలిపోయి, ఏజెన్సీ హౌసుల వరుస దివాలాలకు నాంది పలికింది.

పామర్ కంపెనీ పోయినా నిజాం ప్రభుత్వం అప్పుల నుండి బయటపడలేదు. దాని స్థానంలో పూరన్‌మల్ వంటి సాహుకారులు, పెస్తోంజీ మెహర్జీ అనే పార్శీ సంస్థ అప్పులిచ్చారు. మెట్కాఫ్ నియమించిన ఐరోపా పర్యవేక్షకులను 1829లో గద్దెనెక్కిన నాసిరుద్దౌలా కోరికపై తొలగించారు. సైన్యపు జీతాల బకాయిల కిందనే 1853లో బీరారు బ్రిటిషువారి పాలనలోనికి పోయింది.

చివరి సంవత్సరాలు

పామర్ హైదరాబాదును విడిచిపోలేదు. దివాలా తరువాత నలభై యేళ్ళకు పైగా ఆ నగరంలోనే జీవించాడు. నవలా రచయిత, నిజాం సైన్యాధికారి ఫిలిప్ మెడోస్ టేలర్ ఇతని కుమార్తె మేరీని వివాహమాడాడు. దేశ చరిత్ర, దర్బారు వ్యవహారాల గురించి మామగారి వద్ద తాను ఎంతో నేర్చుకున్నానని టేలర్ తన ఆత్మకథలో తెలిపాడు.

పామర్ గురించి చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. మెట్కాఫ్ జీవితచరిత్ర రాసిన కే మొదలైన ఆంగ్ల రచయితలు ఇతనిని దురాశాపరునిగా చిత్రించారు. అమెరికా చరిత్రకారిణి కారెన్ లియొనార్డ్, ఈ సంస్థ ఐరోపా కంపెనీ కాదని, హైదరాబాదు సాహుకారీ వ్యవస్థలో భాగమని వాదించింది. మిశ్రమ జాతివాడైనందున నింద ఇతనిపై ఎక్కువగా పడిందనడంలో కొంత నిజం లేకపోలేదు. అయినా 8 లక్షల బోనసు పద్దుకు ఆ వాదన సమాధానం కాజాలదు.

ఇతర విషయాలు

1785 ప్రాంతంలో లక్నోలో చిత్రించిన పామర్ కుటుంబ తైలవర్ణ చిత్రం ఒకటి లండనులోని బ్రిటిషు లైబ్రరీలో ఉంది. చిత్రకారుడు జొఫానీ అని కొందరు, రెనాల్డీ అని కొందరు భావిస్తున్నారు. ఇందులో తల్లిదండ్రులతో పాటు బాలుడైన విలియం, పసివాడైన హేస్టింగ్స్ కనిపిస్తారు. చిత్రం అసంపూర్తిగా నిలిచిపోయింది.