దీపములతో వెన్నెల నల్లిన మార్కస్ బార్‌ట్లే

‘మాయాబజార్’ (1957) చిత్రమందలి నౌకావిహారమును చూచి అది నిజమైన వెన్నెల యని నమ్మనివారరుదు. వైనతేయ తరంగములపై కార్తిక పూర్ణిమను ఏటేట చూచు కోనసీమవాసులే ఆ భ్రాంతికి లోనగుదురు. పూర్ణిమనాటి వెన్నెల ఎండలో సుమారు 4 లక్షలవ వంతు మాత్రమే. ఆనాటి ఫిలిము దానిని పట్టజాలదు. కావున ఆ వెన్నెలను కల్పించవలసి వచ్చెను. కల్పించినవాడు మార్కస్ బార్‌ట్లే.

1917లో సింహళమున ఆంగ్లో ఇండియన్ కుటుంబమున జన్మించిన బార్‌ట్లే తొలుత ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ పత్రికకు ఛాయాచిత్రములు తీసి, పిదప వార్తాచిత్రములకు పనిచేసెను. పత్రికా ఛాయాగ్రాహకునకు కెమెరా ప్రక్కనే మెరసెడి ఒక్క ఫ్లాష్ దీపమే తరచు గతి. దానివలన ముఖము తెలియునుగాని రూపు తెలియదు. ముక్కు చెంపలు కలసి అప్పడమువలె చదునగును. దీపమును కెమెరానుండి ప్రక్కకు జరిపినగాని నీడ పుట్టదు, నీడ లేనిదే రూపు నిలువదు. రెండవ దీపమా నీడను పలుచన చేయును. వెనుకనుండు మూడవది కురులంచున సన్నని వెలుగురేఖ గీచి, మనిషిని వెనుక గోడనుండి వేరుచేయును. ఇందు గణితము స్వల్పమే: దీపము దూరము రెట్టింపైనచో వెలుగు నాల్గవ వంతగును. కష్టమంతయు ఏ నీడ నుంచవలెనో, ఏ నీడను తుడువవలెనో నిర్ణయించుటలోనే కలదు.

బి. యన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’ (1945)తో తెలుగు చిత్రసీమకు పరిచితుడై, విజయా వారి ‘షావుకారు’, ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’లకు ఆయనయే ఛాయాగ్రాహకుడయ్యెను. ‘మాయాబజార్’లోని ద్వారక బొమ్మరిండ్ల నగరమే, దీపముల కూర్పుచేతనే అది మహాపట్టణమై తోచినది. రావులపాలెము చెంత రావులపాడున పుట్టిన రేలంగివారి లక్ష్మణకుమారుని తలచుకొని నేటికిని నవ్వెడివారు పెక్కురు. ఆ నవ్వును వెలుగులో నిలిపినవాని పేరెరిగినవారు బహుస్వల్పము. నటుల పేళ్లతోడనే చిత్రమును గుర్తుంచుకొనుట మన కలవాటు.

2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసిరి. యువతరమునకు చిత్రము చేరువయ్యెననుట నిజమే. కాని నలుపు తెలుపుల నడుమ బూడిదవన్నె లెన్నియో మెట్లుగా పేర్చి ఆయన కట్టిన వెన్నెలపై వేరొకరు నీలిరంగు పూసినట్లాయెను. రంగు ఆయన కెరుగనిది కాదు: మలయాళ ‘చెమ్మీన్’ (1965) సాగరమును వన్నెలతో చూపినదాయనయే, తమిళ ‘శాంతి నిలయం’ (1969) వర్ణఛాయాగ్రహణమునకు జాతీయ పురస్కారమును పొందెను. నలుపు తెలుపుల చిత్రమునకు మాత్రము నలుపు తెలుపుల లెక్కనే దీపములు పెట్టెను.

1993లో మద్రాసునందు బార్‌ట్లే కనుమూసెను. తన వెన్నెలకు రంగు పూయుటను చూడవలసిన అగత్యమాయనకు కలుగలేదు.