బొటనవేలు అడగని గురువు: రహీం సాబ్

మన దేశంలో క్రీడా కోచ్‌లకు ప్రభుత్వం ఇచ్చే పెద్ద అవార్డు పేరు ద్రోణాచార్య. 1985లో మొదలైంది. ఏకలవ్యుడి బొటనవేలు అడిగి తీసుకున్న గురువు పేరు మీద ఈ అవార్డు ఎందుకని మనం ఎన్నోసార్లు ప్రశ్నించాం. ఆ పేరు వద్దంటే ఇంకెవరి పేరు పెట్టమంటారని ఎదురు ప్రశ్న వస్తే మాత్రం తడుముకుంటాం. నా వరకు జవాబు హైదరాబాద్‌లోనే దొరికింది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి బడిపంతులు. పేరు తెచ్చింది ఫుట్‌బాల్ కోచింగ్. అందరూ రహీం సాబ్ అనేవారు.

రహీం దళితుడు కాదు, ముస్లిం. అయినా ఆయన గురించి ఇక్కడ రాయడానికి కారణం ఉంది. పరిశోధన పని మీద హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు హాస్టళ్లకు తరచూ వెళ్తుంటాను. సాయంత్రం అయితే పిల్లలు ఉత్త కాళ్లతో మట్టిలో బంతి తంతూ కనిపిస్తారు. చూసిన పెద్దమనుషులు ఈ పిల్లల కాళ్లు గట్టివి, వీళ్లకు బూట్లతో పనిలేదని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ నాకు రహీం జీవితం గుర్తొస్తుంది.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, యూనివర్సిటీ జట్టుకు ఆడారు. డిగ్రీ అయ్యాక బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. మన జిల్లాల్లో డ్రిల్లు సారు అంటామే, ఆ ఉద్యోగం. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. అప్పటికి సంస్థానం ఇండియాలో కలిసి రెండేళ్లే అయింది. పోలీసు చర్య తర్వాత ఎన్నో ముస్లిం కుటుంబాలు ఉద్యోగాలు పోగొట్టుకుని, భయంభయంగా బతుకుతున్న రోజులవి. అలాంటి నగరం నుంచి ఒక పోలీసు జట్టు బొంబాయి వెళ్లి, 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల పెత్తనం నడుస్తున్న ఫుట్‌బాల్‌లో అది చిన్న విషయం కాదు.

ఆ విజయాల వెనుక బడిపంతులు పద్ధతి ఉంది. అప్పట్లో బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒక్కడే నలుగురిని దాటుకుంటూ పోవడం గొప్ప ఆట. రహీం దాన్ని పక్కన పెట్టారు. బంతి వచ్చిన వెంటనే సాటివాడికి అందించాలన్నారు. పాఠంలా చెప్పి ఊరుకోకుండా దాని కోసం పోటీలే పెట్టారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. పొట్టి పిల్లలకు విడిగా పోటీలు పెట్టారు. పెద్ద పిల్లల మధ్య నలిగిపోయేవాడికీ ఆట నేర్చుకునే చోటు దొరికింది. ప్రతిభ పుట్టుకతో వస్తుందని నమ్మే దేశంలో, నేర్పితే వస్తుందని ఆయన గ్రౌండులో చూపించారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లింది. చలిదేశం. మన ఆటగాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. యుగోస్లావియా 10-1తో ఓడించింది.

దాని తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. ఉత్త కాళ్లతో ఆడటం మన సంప్రదాయమని, మన గొప్పతనమని ఇప్పటికీ కొందరు మురిపెంగా రాస్తుంటారు. కాళ్లకు చెప్పులుంటే కొన్ని వీధుల్లో చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చిన జాతులకు అందులో మురిపెం ఏమీ కనిపించదు. కాళ్లు గట్టివి కావడం పేదరికం నేర్పిన విద్య. దాన్ని పొగిడి అక్కడే ఆగిపోతే, బూట్లు ఇవ్వాల్సిన వాడి బాధ్యత తీరిపోయినట్టే అవుతుంది.

తులసీదాస్ బలరాం కథ ఇక్కడ చెప్పుకోవాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడు. బూట్లు కొనే స్థోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషి చేత ఆటకు పనికొచ్చేలా చేయించుకున్నాడు. భారత ఫుట్‌బాల్‌లోకి బలరాంను నడిపించిన ఆ తొలి బూట్లు కుట్టిన చేతుల పేరు ఏ చరిత్రలోనూ లేదు. కుర్రాడి ఆట రహీం కంట పడింది. కానీ రోజూ హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు చేయడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. రహీం అతనికి సైకిల్ ఏర్పాటు చేశారు. కోచింగ్ అంటే ఈల ఊదడం ఒక్కటే కాదు. పిల్లవాడు గ్రౌండు దాకా ఎలా వస్తాడో ఆలోచించడం కూడా. ద్రోణుడికీ రహీంకీ తేడా నాకు ఆ సైకిల్ దగ్గర కనిపిస్తుంది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో బలరాం ఉన్నాడు. హైదరాబాద్ ఆటగాళ్లు ఇంకా పలువురు ఉన్నారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే అయింది. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనవాళ్లది. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల కింద పది గోల్స్ తిన్న జట్టు అది. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ రాష్ట్ర జట్టు ఆ రోజుల్లోనే వరుసగా రెండుసార్లు గెలుచుకుంది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ స్థితిలోనే జట్టును తీసుకెళ్లారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరో కోచ్ అయితే అతన్ని కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని వెనక నుంచి తీసి ముందు వరుసలో ఆడించారు. దాంతో జట్టు సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటింది.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని ఒక భారత అధికారి ఇండోనేసియాను తప్పుపట్టడంతో, స్టేడియంలో లక్షకు దగ్గరగా ఉన్న జనం మన జట్టు మీద కోపంగా ఉన్నారు. ముందు రాత్రి రహీం ఆటగాళ్లను కూర్చోబెట్టి, తనకు ఈ బంగారు పతకాన్ని కానుకగా ఇమ్మని అడిగారని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. గురుదక్షిణ అడగడం అంటే అదొక్కటే. పీకే బెనర్జీ ఒక గోల్ చేశాడు. కుట్లు పడ్డ తలతోనే జర్నయిల్ రెండో గోల్ కొట్టాడు. 2-1. బంగారం.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం చనిపోయారు. వయసు 53. ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు ఆ తర్వాత మళ్లీ బంగారం రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. ఆయన మీద 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చేదాకా, ఆయన పేరు మన తెలుగు పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఒక మహానుభావుడు పోయాడు కాబట్టి ఆట పోయిందని అనుకోవడం తేలిక. కానీ రహీం గాలిలోంచి జట్లు తయారు చేయలేదు. ఆయనకు జీతం ఇచ్చిన బడులున్నాయి. ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చిన పోలీసు శాఖ ఉంది. పేద పిల్లలు అడుగు పెట్టగలిగిన గ్రౌండ్లు ఉన్నాయి. వాటి మీద నిలబడి ఆయన పని చేశారు.

అందుకే ద్రోణాచార్య పేరు మార్చమని అడిగేటప్పుడు ఇంకో మాట కూడా అడుగుదాం. మీ ఊరి హాస్టల్‌కు వెళ్లినప్పుడు అన్నం, పప్పు చూసినట్టే ఆట కూడా చూడండి. వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఉందా, ఉంటే మనిషి ఉన్నాడా? బంతి పిల్లల చేతికి వస్తుందా, బీరువాలోనే ఉంటుందా? బూట్లు ఎందరికి ఇచ్చారు? సమాచార హక్కు దరఖాస్తులో ఈ ప్రశ్నలకు నాలుగు లైన్లు చాలు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఉత్త కాళ్లతో పరుగెత్తుతున్న పిల్లల్లో బలరాంలు ఉన్నారో లేదో నాకు తెలియదు. వాళ్ల కోసం సైకిల్ వెతికే సారు ఒకరైనా ఉంటే తప్ప, ఎవరికీ తెలిసే దారి లేదు.